పాతకాలంలో ఆడవాళ్ళు పేపర్లకు ఉత్తరాలు రాసేవారా?

సిరోంచ కోడలు: మా అమ్మాయికి కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చారు, వందేళ్ళ కిందట ఆడవాళ్ళు పత్రికల్లో అచ్చు వేయించిన ఉత్తరాల మీద. వెతికితే అన్నీ ఇంగ్లండ్ పేర్లే. మన వైపు ఎవరూ లేరా? శనివారం ఇవ్వాలి, దాని టెన్షన్ చూడలేకపోతున్నా.

బల్లార్షా బాబాయ్: లేకేం అమ్మా, రుఖ్మాబాయి ఉంది కదా. 1885లో టైమ్స్ ఆఫ్ ఇండియాకి ‘ఒక హిందూ మహిళ’ అని సంతకం పెట్టి బాల్యవివాహాల మీద ఉత్తరాలు రాసింది. అప్పటికే కాపురానికి రమ్మని భర్త బొంబాయి కోర్టుకెక్కి ఉన్నాడు, ఇక పేరెలా పెడుతుంది? 1887లో కోర్టు కాపురానికి వెళ్ళు లేదా ఆరు నెలలు జైలు అంటే జైలుకే సిద్ధమంది. చివరికి రాజీ అయింది, లండన్‌లో చదివి డాక్టరైంది.

నాందేడ్ తెలుగోడు: నన్నడిగితే ముక్తాబాయి ముందు రావాలి. ఫూలే దంపతుల బడిలో చదివిన మాంగ్ అనే దళిత కులం పిల్ల, పద్నాలుగేళ్ళు. 1855లో జ్ఞానోదయ పత్రికలో మాంగ్, మహార్ల బాధలు రాసి బ్రాహ్మణుల్ని నిలదీసింది. అదీ సొంత పేరుతో!

బల్లార్షా బాబాయ్: అది వ్యాసం కదయ్యా, సార్ కొట్టేస్తారేమో.

నాందేడ్ తెలుగోడు: కొట్టేస్తే తప్పు సార్‌దే.

బరంపురం అక్క: తెలుగులో కావాలంటే భండారు అచ్చమాంబని చూడమను చెల్లీ. బడికి వెళ్ళలేదు, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది, మరాఠీ కూడా వచ్చు. 1902లో మొదలైన ‘హిందూసుందరి’ పత్రికలో ఆమె రచనలు వచ్చాయి, ఆ పాత సంచికలు తిరగేస్తే ఇంకొందరు దొరుకుతారు.

సిరోంచ కోడలు: ముగ్గురినీ పెట్టమన్నాను. ముక్తాబాయిది మరాఠీలోనే చదువుతానంటోంది.