కేసుకు "కాలదోషం" పడుతుందా?

సత్యనారాయణపురంలో మా వీధి చివర టీ కొట్టు దగ్గర పొద్దున పేపరు చదువుతుంటే ఒకాయన అన్నాడు: "90 రోజులైనా చార్జిషీటు వెయ్యలేదంట, కేసుకు కాలదోషం పట్టింది, నిందితుడు బయటికొచ్చేశాడు." పక్కాయన "అయితే కేసు పోయినట్టేగా" అని తేల్చేశాడు. నాకు చట్టం రాదు, తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. నా చెవికి తగిలింది ఆ "పట్టడం". తుప్పు, బూజు, చీడ, శని... పట్టేవన్నీ బయటినుంచి వచ్చి మెల్లగా తినేసేవే. మరి ఇక్కడ తినేసింది దేన్ని? కేసునా, నేరాన్నా? పైగా దోషం కాలానిదీ, బయటపడేది దోషీనా? గ్రూపులో వకీళ్లున్నారు, కాస్త చెప్పండి.

——

మాస్టారూ, గుంటూరులో ప్రాక్టీసు నాది. ఆయన రెండు వేరు వేరు గడువుల్ని కలిపేశాడు. 90 రోజులది బెయిలు సంగతి. పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాలకు 90, మిగతావాటికి 60. మొదటి రిమాండు రోజు నుంచి లెక్క. ఆలోగా చార్జిషీటు రాకపోతే ముద్దాయి బెయిలుకు హక్కుదారు, అంతే. కేసు ఎక్కడికీ పోదు, చార్జిషీటు తర్వాతైనా వేస్తారు.

అసలు కాలదోషం వేరే ఉంది. జరిమానాతో పోయే నేరానికి 6 నెలలు, ఏడాదిలోపు జైలు పడేదానికి 1 ఏడాది, మూడేళ్లలోపుదానికి 3 ఏళ్లు. ఆలోగా కోర్టుకు రాకపోతే కోర్టు కేసును విచారణకు తీసుకోదు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే తీసుకోనూవచ్చు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉన్నదే, దాని బదులు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. హత్యకు, మూడేళ్లు మించి శిక్ష ఉన్న నేరాలకు ఈ గడువు లేదు. కాబట్టి తినేసేది నేరాన్ని కాదు మాస్టారూ, కోర్టుకెళ్లే దారిని.

——

నేను మిర్చి యార్డులో గుమాస్తాని, మాకు ఈ మాట నోట్లతోనే అలవాటు. ప్రామిసరీ నోటుకు మూడేళ్లు. అది దగ్గరపడుతుంటే మా షావుకారు రైతు దగ్గర ఎంతో కొంత తీసుకుని, నోటు వెనక ముట్టినట్టు చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటాడు. దాంతో మళ్లీ మూడేళ్లు. అంటే పట్టిన దోషాన్ని వదిలించడం కాదు, పట్టకముందే దులిపెయ్యడం. అప్పుకు చెల్లు రాస్తారు గానీ నేరానికి ఎవరు రాస్తారండీ? అందుకే నోటుకు అతికినంత బాగా ఆ మాట కేసుకు అతకదనిపిస్తుంది.

——

గుమాస్తాగారి చెల్లు నాకు భలే నచ్చింది, ఇన్నేళ్లుగా నాకు అకౌంటు పుస్తకంలో మాటగానే తెలుసు. అయితే 90 రోజులదానికి "గడువు మీరింది" అంటే సరిపోతుందా వకీలుగారూ? మీరింది ఎవరో కూడా తెలుస్తుంది, పోలీసులు.

——

సగమే సరిపోతుంది మాస్టారూ. గడువు మీరినంత మాత్రాన తలుపు దానంతటది తెరుచుకోదు, ముద్దాయి పిటిషన్ వేసుకోవాలి. అడగందే అమ్మైనా పెట్టదు కదా. మా జూనియర్ ఒకడు 91వ రోజు పొద్దున వేద్దామని కాగితాలు టైపు చేయిస్తూ కూర్చున్నాడు, ఈలోగా కానిస్టేబుల్ చార్జిషీటు కట్ట చంకన పెట్టుకుని కోర్టు మెట్లెక్కేశాడు. హక్కు అక్కడితో సరి. దానికి మీ తెలుగులో ఏదైనా మాటుంటే చెప్పండి, మేం మాత్రం వాణ్ని ఇప్పటికీ "టైపింగు" అనే పిలుస్తాం.