అడవి క్యాంపుకి పిల్లల వెంట వెళ్లే టీచర్‌కి "వద్దు" అనే అధికారం ఉండాలా?

గుంటూరు సైన్స్ టీచర్

గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పద్నాలుగేళ్లుగా సైన్స్ చెప్తున్నాను. డిసెంబర్‌లో మా తొమ్మిదో తరగతి పిల్లల్ని నల్లమలలో బైర్లూటి వైపు తీసుకెళ్లి, రెండు రాత్రులు టెంట్లలో ఉంచాలని మేనేజ్‌మెంట్ అనుకుంటోంది. మొత్తం 46 మంది, అందులో ఆడపిల్లలు 21 మంది. వెంట వెళ్లేది టీచర్లం ముగ్గురం. లేడీ టీచర్ని నేనొక్కదాన్నే. "అన్నీ క్యాంపు వాళ్లే చూసుకుంటారు మేడమ్, మీరు ఊరికే తోడుగా ఉంటే చాలు" అన్నారు.

నాకు నిద్ర పట్టనిది ఆ "ఊరికే తోడుగా" అన్న మాట దగ్గరే.

రెండేళ్ల క్రితం ఇలాగే వేరే చోటికి వెళ్లాం. రాత్రి రెండింటికి లేచి టార్చి వేసి తలలు లెక్కపెడుతుంటే ఒకటి తగ్గింది. మళ్లీ లెక్కపెట్టాను, మళ్లీ తగ్గింది. ఒక దుప్పటి పక్కకి తోసేసి ఉంది. చెప్పులు మాత్రం టెంట్ గుమ్మం దగ్గర ఉన్నాయి. చెప్పులుండి పిల్ల లేకపోతే ఎలా ఉంటుందో తల్లులకి నేను చెప్పక్కర్లేదు. చివరికి నీళ్ల డ్రమ్ము దగ్గర చీకట్లో ఒక్కతే కూర్చుని, ఉత్తి కాళ్లతో, లంగా ఉతుక్కుంటూ కనబడింది. మొదటిసారి బయట చేరింది. ఎవర్ని లేపాలో తెలియక, సిగ్గుపడి తనే వెళ్లింది. ఆ పిల్లని పట్టుకుని నేనూ ఏడ్చాను.

మర్నాడు పొద్దున వాన పడింది. వాగు నీళ్లు ఎర్రగా మారాయి. "ఈ రోజు వాగులోకి వద్దండీ" అన్నాను. "షెడ్యూల్‌లో ఉంది మేడమ్" అని దింపారు. ఏమీ కాలేదు. కానీ ఏమైనా అయి ఉంటే పిల్లల తల్లిదండ్రులు నిలదీసేది నన్ను. ఆపే అధికారం మాత్రం నాకు లేదు.

అందుకే ఈసారి రాతపూర్వకంగా మూడు వాక్యాలు అడిగాను. ఆడపిల్లలకి ఇంకో లేడీ టీచర్ ఉండాలి. రాత్రి వంతులవారీగా ఒకరు మేలుకొని ఉండాలి. నీళ్లైనా, నడకైనా, అసలు ట్రిప్పైనా ప్రమాదం అనిపిస్తే ఆపి బస్సు వెనక్కి తిప్పే నిర్ణయం టీచర్‌ది. ఇవి ఇవ్వకపోతే వెళ్లనన్నాను. స్టాఫ్‌రూమ్‌లో అతి చేస్తున్నానంటున్నారు. మీరేమంటారు?

అరండల్‌పేట నాన్న

మేడమ్, మీ బాధ అర్థమైంది. కానీ ఇలా షరతులు పెడితే ఏ మేనేజ్‌మెంటైనా చేసేది ఒకటే, ట్రిప్పు క్యాన్సిల్. మా వాడు పొద్దున ఆరింటికి ట్యూషన్‌కి పోతే రాత్రి ఎనిమిదిన్నరకి వస్తాడు. ఇప్పచెట్టు చూడలేదు, పాలపుంత చూడలేదు. మేం చిన్నప్పుడు ఎన్ని కాలవలు ఈదాం, ఎన్ని తోటల్లో తిరిగాం! మా వెనక ఎవరు టార్చి పట్టుకుని తిరిగారు? భయంతో పిల్లల్ని ఇంట్లోనే కూర్చోబెడితే అదీ నష్టమే.

పటమట లెక్కల టీచర్

నేనైతే అసలు వెళ్లను, వెళ్లొద్దనే చెప్తాను. ఆదివారం సెలవు పోతుంది, పైసా ఎక్కువ ఇవ్వరు, జరగరానిది జరిగితే కేసు మన మీద. బలవంతంగా పంపే హక్కు ఎవరికీ లేదు.

బెజవాడ బాటసారి

ఇరవై ఏళ్లుగా నల్లమల, మారేడుమిల్లి తిరుగుతున్నవాణ్ని. అరండల్‌పేట అన్నగారూ, మీరు ఈదిన కాలవ మీ ఊరి కాలవ. లోతు ఎక్కడో, లాకులు ఎప్పుడు ఎత్తుతారో ఊళ్లో అందరికీ తెలుసు. తెలియని నీళ్ల సంగతి వేరు. 2014 జూన్ 8న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. పైన లార్జీ డ్యామ్ నీళ్లు వదిలారు. ఫొటోల కోసం రాళ్ల మీద నిలబడ్డ పిల్లలకి ఆ సంగతి తెలియదు. వెంట లెక్చరర్లు ఉన్నారు. ఉన్నా, ఆ నది గురించి తెలిసినవాళ్లు కారు కదా. మేడమ్ అడిగే మూడో వాక్యం అందుకే ముఖ్యం.

అయితే మేడమ్, అధికారంతో పాటు అడవి గురించి కొంత తెలియాలి కూడా. అందరూ పులి అంటారు. శ్రీశైలం–నాగార్జునసాగర్ విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వ్, నిజమే. కానీ టెంట్లో పడుకున్న పిల్లలకి నేను ఎక్కువ భయపడేది కట్లపాముకి. అది రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు. చాలాసార్లు గాటు కూడా సరిగ్గా కనబడదు. తెల్లవారుజామున పిల్లాడు కడుపునొప్పి అంటాడు, కనురెప్పలు వాలిపోతుంటాయి. గ్యాస్ అనుకుని సోడా తాగించారంటే ప్రాణం పోతుంది. అందుకని మంచాలు అడగండి, లేదా అడుగు కుట్టేసి జిప్ పూర్తిగా పడే టెంట్లు. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోవాలి. విషం విరుగుడు ఇంజక్షన్ ఆత్మకూరు ఆసుపత్రిలో ఉందో లేదో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. అడవి లోపల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. 108కి ఎక్కడ నిలబడి ఫోన్ చేయాలో మొదటి సాయంత్రమే చూసి పెట్టుకోండి. బస్సు కాకుండా ఒక జీపు, డ్రైవర్‌తో సహా, రాత్రంతా అక్కడే ఉండాలి.

ఇంకోటి. వచ్చిన వారం, రెండు వారాల్లో జ్వరం వస్తే డాక్టర్‌కి "పిల్లాడు అడవికెళ్లొచ్చాడు" అని చెప్పమని తల్లిదండ్రులకి ముందే చెప్పాలి. పొదల్లో ఉండే చిన్న పురుగులు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం అలాగే బయటపడుతుంది. ఒంటి మీద ఎక్కడో సిగరెట్‌తో కాల్చినట్టు చిన్న నల్ల పొక్కు ఉంటుంది, ఎవరూ చూడరు.

చెంచు గైడ్ ఉంటే ఆయన మాట వినండి. ఒకసారి మేం నడుస్తుంటే ఆయన ఆగి, చెయ్యి వెనక్కి పెట్టి, ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు. మాకేమీ వినబడలేదు. పది నిమిషాల తర్వాత దారి మార్చాడు. ముందు మలుపులో ఎలుగుబంటి పిల్లలతో ఉందని తర్వాత చెప్పాడు. అక్కడ ఎవరైనా "షెడ్యూల్" అని ఉంటే?

అరండల్‌పేట నాన్న

కట్లపాము సంగతి తెలియదు. చదువుతుంటే ఒళ్లు జలదరించింది. నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నిర్ణయం మొత్తం ఒక్క టీచర్ చేతిలో పెడితే, భయస్తులైన టీచర్ మబ్బు పట్టగానే బస్సెక్కిస్తారు. పిల్లలు ఏడాదంతా ఎదురుచూసిన రోజది. దానికేమంటారు?

గుంటూరు సైన్స్ టీచర్

అన్నయ్యగారూ, అనవసరంగా వెనక్కి తెచ్చిన టీచర్‌ని తిట్టడానికి పిల్లలందరూ ఇంట్లో ఉంటారు. నేను ఆ తిట్లు పడతాను.

పటమట మేడమ్, వెళ్లనని మీరనడంలో తప్పు లేదు. నాకు మాత్రం వెళ్లాలనే ఉంది. ఆవిరి పటం బోర్డు మీద గీసి వానచక్రం చెప్పీ చెప్పీ విసిగిపోయాను. అడవి మీద పొద్దున పొగమంచు లేవడం నా పిల్లలు చూడాలి.

బాటసారి గారూ, మీరు చెప్పినవి ప్రింట్ తీసి ఈ రోజే మేనేజ్‌మెంట్‌కి ఇచ్చాను. ఇంకో లేడీ టీచర్‌కి ఒప్పుకున్నారు. రాత్రి కాపలాకి ఒప్పుకున్నారు. జీపుకి డబ్బు ఎవరిస్తారన్నారు, పేరెంట్స్ మీటింగ్‌లో అడుగుతానన్నాను. మూడో వాక్యం దగ్గర "అది క్యాంపు వాళ్లతో చర్చించి నిర్ణయిస్తారు" అని మార్చి పంపారు. ఆ మార్పు కొట్టేసి, నా వాక్యమే మళ్లీ రాసి వెనక్కి పంపాను. శనివారం మీటింగ్. అలాగే ఉంచితే సంతకం పెడతాను.