సోలార్ ప్యానెళ్ల కింద తిప్పతీగ, పొడపత్రి వేయొచ్చా?

మెట్టరైతు, ఉదయగిరి:
మా మెట్ట పొలంలో ఎత్తు స్తంభాల మీద సోలార్ ప్యానెళ్లు వేయించాం. కింద మనిషి నిలబడి పని చేసుకోవచ్చు. ఆ నీడలో మందులకు వాడే తీగలు తిప్పతీగ, పొడపత్రి పెంచుదామని నాన్న పట్టుబడుతున్నారు, రెండూ మా కంచెల మీద వాటంతటవే పాకుతుంటాయి కదా అని. తీగ ప్యానెల్ మీదికెక్కితే కరెంటు సంగతేంటని నా టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

సోలార్ మెకానిక్, ఒంగోలు:
మీ భయం నిజమే అన్నా. ప్యానెళ్లన్నీ వరసగా కలిపి ఉంటాయి, ఒకదాని మూల ఆకుల నీడ పడినా ఆ వరసంతటి మీదా దెబ్బ పడొచ్చు, ప్యానెల్‌లో నీడ పడిన సెల్ (చిన్న గడి) వేడెక్కి మాడిపోవచ్చు కూడా. నీడ పడిన భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారిన పంపే బైపాస్ డయోడ్లు ఉన్నా, అవి కొంతవరకే కాపాడతాయి. స్తంభాలకు తీగను అస్సలు అల్లించొద్దు, విడిగా కర్రలు పాతి ఛాతీ ఎత్తులో పందిరి వేయండి. కేబుళ్ల దగ్గర కత్తి పెట్టొద్దు. మెయిన్ ఆపేసినా పగలు ప్యానెల్ వైపు వైర్లలో కరెంటు ఉంటుంది, ఇది ఇంట్లో అందరికీ చెప్పండి.

మూలికల తోట, పొదలకూరు:
నేనైతే తిప్పతీగ వద్దంటాను. కోసిన ముక్క ఎక్కడైనా వేలాడుతున్నా చావదు, దారాల్లాంటి సన్నటి వేర్లు కిందికి దించుకుంటూ నేలను వెతుక్కుంటుంది, అలాంటిది ప్యానెల్ ఫ్రేములో ఇరుక్కుంటే ఇంక చూసుకోండి. పైగా అమ్మేది కాండం, లావెక్కేదాకా ఆగాలి, ఆగినన్నాళ్లూ అది పైకే పోతుంది. పొడపత్రికి ఆకే సరుకు. కోస్తూ ఉంటాం కాబట్టి ఎత్తు మన చేతిలోనే ఉంటుంది. కోసిన ఆకు నీడలోనే ఆరాలి, ఆ చోటూ మీకు అక్కడే దొరుకుతుంది. మంచి ఆకో కాదో ఒకటి నమిలి, పైన చక్కెర వేసుకుంటే తెలిసిపోతుంది, తీపి తెలియకుండా ఇసుకలా ఉండాలి.

దర్శి నుంచి:
ఒక మాట. ఈశాన్య వానల్లో ప్యానెల్ కింది అంచు నుంచి నీళ్లన్నీ ఒకే గీతన ధారగా పడి గుంత చేస్తాయి, అక్కడ మొక్క పెట్టకండి, చిన్న కాలువ తీయండి. పిల్లితేగలు (శతావరి) వేయమని ఎవరైనా చెబితే వినొద్దు, గడ్డలు తవ్వేటప్పుడు ఎర్తింగ్ వైరు తెగుతుంది. అడవినాభి అసలే వద్దు, గడ్డ విషం, పిల్లలు తిరిగే చోటు. అన్నిటికంటే ముందు, ఆకు కొనేవాళ్లు ఎవరో మాట్లాడుకుని అప్పుడు నాటండి.

మెట్టరైతు, ఉదయగిరి:
నాన్నకు చదివి వినిపించాను. తిప్పతీగను గట్టు మీది వేపచెట్లకే వదిలేద్దాం అన్నారు, వేప మీద పాకిన తీగకే గుణం ఎక్కువని ఆయన నమ్మకం. దర్శి అన్నా, ఆ కాలువ నీళ్లు పొడపత్రి పాదులకే మళ్లించొచ్చా, వేరు కుళ్లుతుందా?