అందరం కలిసి ఒకే కొలాజ్: వాలంటీర్లూ, ప్లాన్ చూసి మీ మాట చెప్పండి

అందరికీ నమస్కారం. అసోసియేషన్ కార్యక్రమంలో కొలాజ్‌కి, అంటే కాగితం, గుడ్డ ముక్కలు అతికించి చేసే బొమ్మకి, గంటన్నర ఇచ్చారు, హాల్ వెనక వైపు మూడు పెద్ద టేబుళ్ళు మనవి. నేను గట్టిగా అడిగేది ఒకటే: ఎవరి కాగితం వాళ్ళకిచ్చి ఎవరి బొమ్మ వాళ్ళని చేసుకోమనొద్దు. అలా ఇస్తే పక్కపక్కనే కూర్చుని కూడా తలెత్తరు. అదే ఒకే పెద్ద బొమ్మ అయితే "ఆ నీలం ముక్క ఇటివ్వండి", "ఇది మీ వైపు పెట్టి చూడండి" అంటూ మాటలు వాటంతటవే మొదలవుతాయి. కొత్తగా వచ్చి ఎవరూ పరిచయం లేనివాళ్ళకి కావాల్సింది అదే కదా.

ఒక్క బోర్డు చుట్టూ అందరూ చేరితే మధ్యలోకి చెయ్యి అందదు. అందుకని 120 సెంటీమీటర్ల పొడవు, 90 వెడల్పు వచ్చేలా 30 సెంటీమీటర్ల చదరాలు 12 చేద్దాం, టేబుల్‌కి పక్కపక్క చదరాలు నాలుగు. పంచే ముందు అన్నీ కలిపి పరిచి, వాటి మీదుగా రెండు పెద్ద వంపు గీతలు గీసి, వెనక నంబరు, పై వైపు ఏదో తెలిసేలా బాణం గుర్తు వేసేద్దాం. చివరి పావుగంటలో చదరాలన్నీ పెద్ద బోర్డుకి డబుల్ సైడ్ టేప్‌తో పెట్టి, అతుకుల మీద వేసే ముక్కల్ని వేర్వేరు టేబుళ్ళ వాళ్ళు కలిసి అతికించాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అది.

ఇంకోటి, మొదటి అరగంట టేబుల్ మీద గమ్ అసలు పెట్టొద్దు. ఏరుకోవడం, కత్తిరించడం, పేర్చడం, జరపడం, అంతే. ఒకసారి అతికిస్తే ఆ ముక్క ఒకరి సొంతం అయిపోతుంది, పక్కవాళ్ళు మొహమాటపడి ముట్టుకోరు. పేర్చింది నచ్చాక ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుని, దాన్ని చూస్తూ అడుగు ముక్కల నుంచి పైకి అతికించుకుంటూ రావాలి.

---

సామాన్ల టీమ్ నుంచి: ప్లాన్ చాలా నచ్చింది అక్కా. చదరాలకి పల్చటి చార్ట్ వద్దు, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) మందపాటి అట్ట తెస్తాను. కాగితాలకి గ్లూ స్టిక్ మాత్రమే పెడదాం, ఫెవికాల్ లాంటి తెల్ల గమ్ గుడ్డ ముక్కలకి చాలు. తెల్ల గమ్‌లో నీళ్ళుంటాయి కాబట్టి పల్చటి కాగితం తడిసి సాగి ముడతలు పడుతుంది, ఆరాక అట్ట కూడా వంగుతుంది, గంటన్నరలో దాన్ని సరిచేసే టైం మనకి ఉండదు. స్ప్రే గమ్ ఎవరూ తేవొద్దు, మూసిన హాల్లో ఆ ఆవిరి పిల్లలకి మంచిది కాదు. న్యూస్‌పేపర్ తక్కువ వాడదాం, కొన్నాళ్ళకే పచ్చబడుతుంది. దీన్ని మనం గోడకి పెట్టుకునేలా ఉంచాలి.

---

అన్నా, ఇంట్లోవాళ్ళ పాత ఫోటోలు తెచ్చుకోవచ్చా అని కొంతమంది అడుగుతున్నారు. తెమ్మంటే బొమ్మకి ప్రాణం వస్తుంది.

---

సామాన్ల టీమ్: తప్పకుండా తెమ్మనండి, కానీ కాపీలే. అసలు ఫోటో కత్తెర దగ్గరికి రానే కూడదు, ఈ మాట ఆహ్వానంలోనే రాయండి. లేజర్ ప్రింట్ అయితే మేలు, ఇంక్‌జెట్ ప్రింట్ మీద తడి గమ్ పడితే రంగు పాకుతుంది.

---

పిల్లలు, పెద్దవాళ్ళ విషయం నేను చూసుకుంటాను. కానీ వాళ్ళకి వేరే టేబుల్ వద్దండీ, మూడు టేబుళ్ళ దగ్గరా అందరితో కలిపి కూర్చోబెడదాం. కత్తెర పట్టలేని వాళ్ళు చేత్తో చించుతారు, అది తక్కువ పనేం కాదు: చించిన అంచుకి తెల్లటి గీత వచ్చి మబ్బులకీ, నీళ్ళకీ, కొండలకీ ఎంత బాగుంటుందో. కాగితం ఒక వైపు చించితే దాదాపు తిన్నగా వస్తుంది, అడ్డంగా చించితే వంకర పోతుంది, ముందు చిన్న ముక్క చించి చూపిస్తే ఐదేళ్ళ పిల్లలు కూడా పట్టేస్తారు. "ఈ వయసులో మాకేం వస్తుందమ్మా" అనేవాళ్ళకి మేరీ డిలేనీ గురించి చెబుతాను. 18వ శతాబ్దం ఆవిడ, 72 ఏళ్ళకి రంగు కాగితాలు కత్తిరించి పూలు చేయడం మొదలుపెట్టి దాదాపు వెయ్యి చేశారు, అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ కూడా పెద్ద ఆపరేషన్ అయ్యాక చక్రాల కుర్చీలోనూ మంచం మీదా ఉండి, సహాయకులు రంగు వేసిచ్చిన కాగితాలు కత్తిరించి అంత పెద్ద బొమ్మలు చేశాడు. ఒకరు రంగు వేయడం, ఒకరు కోయడం, ఇంకొకరు గోడకి గుచ్చడం, మనం చేయబోయేదీ అలాంటి పనే.

---

చాలా సంతోషం. అయితే ఇలాగే ఖాయం. బ్లేడు పని ఒక్కరి చేతిలోనే ఉండాలి, ఎవరు తీసుకుంటారో ఇక్కడే చెప్పండి. టేబుల్‌కి ఇద్దరు వాలంటీర్లు కావాలి: ఒకరు ముక్కలు రంగుల వారీగా ట్రేల్లో సర్దుతూ ఉండాలి, రెండోవాళ్ళు ఒంటరిగా నిలబడ్డవాళ్ళని పిలిచి కూర్చోబెట్టాలి. ఈ రెండో పనికి అందరితో కలుపుగోలుగా ఉండేవాళ్ళు ముగ్గురు ముందుకు రండి, దయచేసి.