బంకమట్టిలో వెల్లుల్లి, సాంబారు ఉల్లి: ఇప్పుడే నాటాలా, తుఫాన్లు పోయాకా?

కోనసీమ పెరడు:
అమలాపురం దగ్గర బంకమట్టి నేల. 4 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు జాగా ఉంది. వెల్లుల్లి ఆకు ఏపుగానే వస్తోంది, గడ్డ తవ్వితే మాత్రం ఒంటి రెబ్బే. ఈసారి పక్కన సాంబారు ఉల్లి కూడా పెట్టాలని ఉంది. వానలు పూర్తిగా తగ్గేదాకా ఆగమంటారా?

లంకమట్టి:
ఆగకండి. ఒంటి రెబ్బ పడేది ఆలస్యంగా నాటడం వల్లా, చలి చాలక. గడ్డ రెబ్బలుగా విడాలంటే మొక్కకి కొన్ని వారాలు చలి తగలాలి. మనకి ఉన్న కాస్త చలీ డిసెంబరు, జనవరిలోనే. అందుకే అక్టోబరు చివర్నుంచి నవంబరు 15 లోపు, నాగుల చవితి రోజుల్లో నాటేయండి. విత్తనం గడ్డల్ని ముందుగా నెల రోజులు కాగితం సంచిలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచితే ఆ లోటు కొంత పూడుతుంది. డీప్ ఫ్రీజర్‌లో వద్దు. బయటికి తీశాక నిలవుంచకుండా నాటాలి.

వానతో ఇబ్బంది మడి పల్లంగా ఉంటేనే. అడుగు ఎత్తున మడి కట్టి, చుట్టూ జానెడు లోతు కాలవ తీసి పల్లానికి తిప్పండి. మీ జాగాకి చివికిన పశువుల ఎరువు నాలుగు తట్టలు, వేపపిండి కిలో. బంకమట్టిలో తట్టెడు ఇసుక కలిపి ప్రయోజనం లేదు, ఎండితే ఇటుకలా బిగుస్తుంది. దొరికితే లంక ఒండ్రు నాలుగంగుళాలు పైన పరవండి. మట్టి పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి, వేలితో తోస్తే విడిపోవాలి. ఆ పదునులోనే నాటండి.

బోదెగట్టు:
గడ్డలో బయటి వరస లావు రెబ్బలే విత్తనానికి, లోపలి సన్నవి పోపులోకి. పొట్టు ఒలవద్దు. మొన పైకి, మొద్దు కిందికి, అంగుళం లోతు. రెబ్బకీ రెబ్బకీ 4 అంగుళాలు, వరసకీ వరసకీ 6. తలకిందులుగా పెడితే మెడ వంకర తిరిగి గడ్డ ఊరదు. సాంబారు ఉల్లి అంత లోతు పెట్టకండి, మెడ మట్టిపైకి కనపడాలి. పూడ్చేస్తే తేమకి కుళ్లుతుంది. ఉల్లి 70-90 రోజుల్లో వచ్చేస్తుంది, వెల్లుల్లికి 120 పైనే. రెండూ ఒకే వరసలో కలపొద్దు, ఉల్లికి నీళ్లు ఆపే రోజుల్లో వెల్లుల్లి గడ్డ ఊరుతూ ఉంటుంది.

కాలవ నీళ్లు:
బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కాలవ నీళ్లే పెట్టండి. ఉప్పుకి ఆకు కొసలు మాడతాయి. ఆకుల మీద వెండి చారలు కనిపిస్తే మొవ్వు విడదీసి చూడండి: నూకకన్నా సన్నగా, పసుప్పచ్చగా పాకేవి తామర పురుగులు. లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి, వారానికి మరోసారి. యాభై రోజులు దాటాక యూరియా వద్దు, ఆకే పెరుగుతుంది. వెల్లుల్లి ఆకులు సగం పండాక నీళ్లు ఆపి, పది రోజులకి తవ్వి, ఆకులతోనే నీడన ఆరబెట్టండి.