బెంగళూరులో మా తమ్ముడి కోసం చూస్తున్న హోమ్ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

మా తమ్ముడికి 34 ఏళ్లు, మేధో వైకల్యం ఉంది. కర్నూలులో అమ్మానాన్న పెద్దవాళ్లయ్యారు, ఇక చూసుకోలేకపోతున్నారు, అందుకే మేముండే మారతహళ్లి దగ్గర గ్రూప్ హోమ్ వెతుకుతున్నాం. ఒకచోట గదులు శుభ్రంగానే ఉన్నాయి గానీ అందరినీ టీవీ ముందు కూర్చోబెట్టి వదిలేశారు, మావాడు తన బట్టలు తనే ఉతుక్కుంటాడు, ఉప్మా కూడా చేస్తాడు, అవన్నీ మర్చిపోతాడేమోనని నాకు ఒకటే టెన్షన్. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడుగుతున్నాను, కానీ ఆ కాగితం ఒక్కటే చాలదు కదా. రాత్రిపూట ఎంతమంది ఉంటారు, తెలుగు అర్థమయ్యేవాళ్లున్నారా, చెప్పకుండా వెళ్తే లోపలికి రానిస్తారా, ఇంకా ఏం అడగాలి? నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం లోకల్ లెవెల్ కమిటీ (ఇలాంటివాళ్లకి చట్టపరమైన సంరక్షకుణ్ని నియమించే జిల్లా కమిటీ) దగ్గర గార్డియన్‌షిప్ తీసుకున్నవాళ్లుంటే, కర్నూలులో అప్లై చేయాలా ఇక్కడా, దయచేసి చెప్పండి.