కిట్ తెప్పించి బిగించిన కవచానికి 'తయారీ' విభాగంలో చోటివ్వాలా, వద్దా?

ఫెస్ట్_కమిటీ:
అందరికీ నమస్కారం. మా కాలేజీ ఫెస్ట్ జనవరిలో. కాస్‌ప్లే (సినిమా, కామిక్స్ పాత్రల వేషాలు వేసే) పోటీకి రూల్స్ రాసే పని నా మెడకు చుట్టుకుంది. విభాగాలు రెండు: తయారీ, ప్రదర్శన. పోయినేడు తయారీలో ఫస్ట్ ప్రైజ్ స్టార్ వార్స్ సినిమాల్లోని స్టార్మ్‌ట్రూపర్ సైనికుడి తెల్ల కవచానికి పోయింది. అది బయటి దేశం నుంచి కిట్ తెప్పించి బిగించుకున్నది. ఫోమ్ షీట్లు కోసి మొత్తం సొంతంగా చేసుకొచ్చిన కుర్రాడికి సెకండ్. "కొన్నవాడికి ప్రైజిచ్చి చేసినవాణ్ణి పక్కన పెట్టారు" అని గొడవ అయింది. ఈసారి కిట్‌లను తయారీ విభాగంలోంచి తీసేద్దామని కమిటీలో సగం మంది, వద్దని సగం మంది. ఈ పని చేసేవాళ్ళు మీరు కాబట్టి మీ మాట చెప్పండి. ఫోమ్ గొప్పా ప్లాస్టిక్ గొప్పా అన్న పాత పంచాయితీ మాత్రం దయచేసి ఇక్కడ తెరవకండి.

ఫోమ్_బాబాయ్:
తీసేయాల్సిందే. ఇందులో చర్చించడానికి ఏముంది?

కవచంలో అసలు పని రూపం తేవడం. పాత బట్టలు వేసుకుని, పైన క్లింగ్ ఫిల్మ్ చుట్టి, దాని మీద టేపు వేసి, పెన్నుతో గీతలు గీసి కోసి విప్పితే మన ఒంటి కొలత ముక్కలుగా చేతికొస్తుంది. వాటిని చార్ట్ మీదకి, చార్ట్ మీంచి ఈవీఏ ఫోమ్ అనే మెత్తటి షీటు మీదకి ఎక్కించాలి. ఛాతీకి 10 ఎంఎం, వంగే చోట 5, పైన నగిషీకి 2. బ్లేడు పదును తగ్గితే ఫోమ్ తెగదు, చిరుగుతుంది. అంచుల్ని ఏటవాలుగా కోసి కలిపితేనే చదును షీటు గుండ్రం తిరుగుతుంది. ఆ వాలులో తేడా వచ్చిందా, భుజం మీద అట్టపెట్టె బోర్లించినట్టుంటుంది.

కిట్‌లో ఈ బాధంతా ఇంకెవరో పడి, అచ్చు తీసి, పెట్టెలో సర్ది పంపిస్తారు. మిగిలింది కోసుకోవడం, అతికించుకోవడం. దానికి తయారీ ప్రైజా? డబ్బు సంగతి సరేసరి. హాస్టల్లో ఉంటూ చిన్నపిల్లల ప్లే మ్యాట్లు కొనుక్కొచ్చి చేసేవాణ్ణి, అంత ఖర్చు పెట్టి కిట్ తెప్పించుకోగలిగినవాడి పక్కన నిలబెట్టడం ఏం న్యాయం?

డాలస్_టీకే:
బాబాయ్ గారూ, నేను కట్టింది ఆ తెల్ల కవచమే, ఇక్కడ డాలస్‌లో. పెట్టె తెరిస్తే అందులో కవచం ఉండదండీ.

వేడి చేసిన ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ షీటును అచ్చు మీద పరిచి కింద నుంచి గాలి లాగేస్తే ఆ ఆకారం దిగుతుంది. మనకొచ్చేది అంతే. చుట్టూ అక్కర్లేని ప్లాస్టిక్ అలాగే వేలాడుతుంటుంది. ఎక్కడ కోయాలో చాలా కిట్లలో గీత ఉండదు. ఏది కుడి, ఏది ఎడమ అన్నది కూడా మనమే తేల్చుకోవాలి. చేతికి ముందు సగం వేరు, వెనక సగం వేరు. తొడకీ పిక్కకీ అంతే.

తిన్నగా ఉన్నచోట బ్లేడుతో గాటు పెట్టి వంచితే ఏబీఎస్ ఆ గాటు వెంబడి టక్కున విరుగుతుంది. వంపుల దగ్గర అది కుదరదు, వంకీ కత్తెర కావాలి. ఇక లోపలికి మడిచిన సన్నటి అంచు ఉంటుంది చూడండి, కవచం మందంగా కనబడేది దాని వల్లే. అసలు షీటు చాలా పలచన. ఆ మడత ఎక్కువ ఉంచితే మోచేతి మడత ఒరుసుకుపోయి ఎర్రబడుతుంది, మొత్తం తీసేస్తే పలచన బయటపడిపోతుంది. ఎంత ఉంచాలన్నది ఒక్కో ముక్కకి ఒక్కో లెక్క.

రెండు సగాల్ని ఒకదాని మీదకి ఒకటి ఎక్కించకూడదు. అంచుకు అంచు ఆనించి, ఆ అతుకు మీద 15 నుంచి 25 ఎంఎం వెడల్పు పట్టీ అంటించాలి. అంటే మన చెయ్యి లావు ముందే కొలిచి, ఎంత కోయాలో తేల్చి, ఆ కోతను ముందుకీ వెనక్కీ పంచుకోవాలి. జిగురు ఈ6000. పూర్తిగా గట్టిపడటానికి ఒకటి నుంచి మూడు రోజులు, అంతసేపూ క్లాంపులు, అయస్కాంతాలు. ఫెవిక్విక్ లాంటిదైతే చిటికెలో పట్టుకుంటుంది కానీ వంగినప్పుడు పగులుతుంది, తేడా వస్తే విప్పడానికీ లేదు.

హెల్మెట్ చెవుల గురించి మొదలుపెడితే రాత్రవుతుంది. ముఖం ముక్క, తల ముక్క కలిసే అతుకును ఆ చెవి మూయాలి, అదీ రెండు వంపుల మీద ఒకేసారి కూర్చుంటూ. కొంచెం గీకడం, పెట్టి చూడటం, మళ్ళీ గీకడం. ఒక్క వెంట్రుక ఎక్కువ పోతే సందు కనబడుతుంది.

501వ లీజియన్ అని అభిమానుల సంఘం ఒకటుంది, 1997లో సౌత్ కరోలినాలో మొదలైంది. ఈ వేషాలతో పిల్లల ఆసుపత్రులకీ, విరాళాలు పోగుచేసే కార్యక్రమాలకీ వెళ్తారు. చేరాలంటే 18 నిండాలి, కవచం వాళ్ళ ప్రమాణాలకు నిలవాలి. ఫొటోలు పంపితే పట్టీ వెడల్పు దగ్గర్నుంచి పరీక్షిస్తారు. కిట్టా, సొంతమా అని అడగరు. ఆ ప్రమాణాలకు నిలబెట్టడమే ఒక పని అని అందరికీ తెలుసు కాబట్టి.

గరంగన్:
అన్నా, ఆ 501 ముచ్చట నీకే ఉల్టా కొడ్తది. ఎవరు చేసిన్రని అడగరంటే అది క్లబ్బు, పోటీ కాదు. ఇక్కడ ప్రైజే ఎవరు చేసిన్రన్నదానికి. ఇంగొకటి, కిట్ బిగించిచ్చి పైసలు తీసుకునేటోళ్ళున్నరు గదా. రేపు ఒకడు బిగించిందే తెప్పించుకుని "నేనే కట్టిన" అంటే జడ్జికి ఎట్ల తెలుస్తది?

డాలస్_టీకే:
ఫోమ్ కవచం ఆర్డరిచ్చి చేయించుకునేవాళ్ళూ ఉన్నారు తమ్ముడూ. అనుమానం కిట్ మీదే ఎందుకు?

లేయర్_లైన్స్:
మధ్యలో త్రీడీ ప్రింట్ చేసుకునే నన్నెక్కడ పెడతారు? ఫైల్ ఇంకొకరిది, డబ్బు కట్టి దించుకున్నాను. ప్రింటర్ నాది, అందులో వేసే ప్లాస్టిక్ తీగ (ఫిలమెంట్) నాది, కరెంటు బిల్లు మా నాన్నది. ప్రింటయ్యాక కారు పుట్టీ, ఎమరీ పేపరు 120 నుంచి మొదలెట్టి 800 దాకా, ప్రైమర్. ప్రైమర్ కొట్టగానే ప్రింటు పొరల గీతలు మళ్ళీ తేలతాయి, మళ్ళీ పుట్టీ. బాబాయ్ లెక్కలో రూపం నాది కాదు కాబట్టి నేనూ కిట్ బాపతే. మరి ఫోమ్ వాళ్ళు ఆన్‌లైన్‌లో ప్యాటర్న్ కొని, ప్రింటు తీసి, కోసుకుంటారే, ఆ రూపం ఎవరిది బాబాయ్?

సందర్భం కాకపోయినా కొత్తవాళ్ళకో మాట. పీఎల్ఏతో (ప్రింటర్లలో వాడే ప్లాస్టిక్) చేసిన హెల్మెట్‌ను ఏప్రిల్ ఎండలో కారులో వదిలేసి వెళ్ళకండి. దానికి 60 డిగ్రీల దగ్గరే మెత్తదనం మొదలవుతుంది, మూసిన కారులో డాష్‌బోర్డు అంత వేడెక్కడం మన దగ్గర వింతేం కాదు. మా ఫ్రెండ్ హెల్మెట్ దవడ ఒక పక్కకి జారిపోయింది. ఏబీఎస్ అయితే 100 దాటేదాకా ఓర్చుకుంటుంది.

ఫోమ్_బాబాయ్:
ప్యాటర్న్ కొన్నా అది కాగితమే అబ్బాయ్. చదునుగా ఉన్నదానికి ఒంపు తెచ్చేది నేను. నీ ప్రింటర్ ఒంపుతో సహా ఇస్తుంది, వాళ్ళ కిట్టూ ఒంపుతో సహా వస్తుంది. నా గీత అక్కడ. ఒంపు ఎవరు తెచ్చారు?

రంగాలంకరణ:
ఆ గీత నాకూ నచ్చింది బాబాయ్ గారూ. కానీ అదే గీతతో కిట్‌ను కూడా లోపలికి రానివ్వాల్సొస్తుంది.

నేను అయిదడుగుల మనిషిని. ఆ అచ్చులు పొడుగాటి సన్నటి మగవాళ్ళకి తీసినవి. పొట్ట ముక్క నాకు తుంటి దాకా దిగింది, పిక్క ముక్క మోకాలు దాటి పైకొచ్చింది. సరే, పిక్క పైనుంచి కోద్దాం. కోయగానే లోపలికి మడిచిన అంచు కూడా దాంతోపాటే పోతుంది, డాలస్ గారు చెప్పిన ఆ అంచే. దాన్ని మళ్ళీ తేవాలి. అంచు నుంచి అర అంగుళం మేర మాత్రమే హీట్ గన్ చూపించి, చెక్క ఆనించి, మెల్లగా లోపలికి తిప్పుకుంటూ పోవాలి. గన్ను ఒకేచోట కాస్త ఎక్కువసేపు నిలిపితే మెరుపు చచ్చిపోతుంది, ఆ తర్వాత బుడగలు. పెయింట్ వేసి దాచుదామంటే పెయింట్ తెలుపు ఆ ప్లాస్టిక్ తెలుపుతో కలవదు, ఎండలో నిలబడితే దూరం నుంచే తెలిసిపోతుంది. తొడ ముక్కలు నోరు తెరుచుకుని వచ్చాయి. వాటిని మరిగే నీళ్ళలో ముంచి, మందపాటి గుడ్డతో పట్టుకుని నొక్కి, అలాగే చన్నీళ్ళలో దించాలి. పక్కన ఇంకో మనిషి లేకుండా అయ్యే పని కాదు. మరి ఈ ఒంపు ఎవరు తెచ్చినట్టు?

మా తాతగారు పౌరాణిక నాటకాల సామాను అద్దెకిచ్చేవారు. కిరీటం వదులైతే లోపల గుడ్డ దోపి, వెనక తాడు బిగించి పంపేవారు. వచ్చినవాళ్ళకి పద్యం కావాలి, కిరీటం ఎవరు చేశారన్నది ఎవరికీ పట్టదు. మీ ప్రదర్శన విభాగం అలాంటిది. తయారీ విభాగంలో జడ్జి చూడాల్సింది వేరు: గుడ్డ దోపి వదిలేశారా, కిరీటాన్నే విప్పి తలకు తగ్గట్టు మళ్ళీ కట్టారా? కిట్ అన్న పేరు వినగానే గేటు దగ్గరే ఆపేస్తే ఆ చూసే కష్టం జడ్జికి తప్పుతుంది, అంతే.

మెట్ల_పక్క_జడ్జి:
గరంగన్ అడిగినదానికి జవాబు. కాలేజీ పోటీల్లో జడ్జిగా కూర్చుంటుంటాను. కట్టినవాణ్ణి పట్టుకోవడం కష్టమేం కాదు. "ఈ పట్టీ ఇక్కడ ఎందుకు ఊడింది, మళ్ళీ దేంతో అంటించావు?" అని అడిగితే చాలు. చేసినవాడు ఆపమన్నా ఆపడు. చేయించుకున్నవాడు మెటీరియల్ పేర్లు అప్పజెబుతాడు. నాకు కిట్‌ల మీద కోపం లేదు, కానీ దూరం నుంచి చూస్తే వాటిదే పైచేయి అన్నది నిజం. తెల్లగా, నున్నగా, సినిమాలోలా ఉంటుంది, జనం చప్పట్లు కొడతారు, ఆ చప్పట్లు మార్కుల్లోకి ఎక్కేస్తాయి. మీ పోయినేడు గొడవ అలాగే వచ్చి ఉంటుంది.

బెంచ్_లాయర్:
కాస్త చరిత్ర. రెండు వైపుల వాళ్ళకీ తగులుతుంది. 1977 నాటి మొదటి స్టార్ వార్స్ సినిమాలో ఈ కవచానికి బొమ్మలు గీసింది రాల్ఫ్ మెక్వారీ. హెల్మెట్‌కి మట్టి నమూనా చేసింది నిక్ పెంబర్టన్. దాన్ని ప్లాస్టిక్‌లోకి దించి సినిమాకి 50 హెల్మెట్లు చేసిచ్చింది ఆండ్రూ ఐన్స్‌వర్త్. అసలు కవచంలోనే రూపం ఒకరిది, అచ్చు ఒకరిది. చాలా ఏళ్ళ తర్వాత ఐన్స్‌వర్త్ వాటిని మళ్ళీ చేసి అమ్మడం మొదలెడితే ఆ సినిమా తీసిన లూకాస్‌ఫిల్మ్ కంపెనీ కోర్టుకెక్కింది. హెల్మెట్ శిల్పం కాదు, సినిమా తీయడానికి పనికొచ్చిన వాడుక వస్తువు అని బ్రిటన్ సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. కాబట్టి అక్కడ శిల్పానికుండే కాపీరైట్ దీనికి రాలేదు. అమెరికా కాపీరైట్ ఉల్లంఘించాడన్న దావాని మాత్రం ఇంగ్లండ్ కోర్టులు కూడా విచారించవచ్చంది.

కమిటీ పట్టించుకోవాల్సింది ఇంకొకటుంది: దొంగ అచ్చులు. ఒకరు ఏళ్ళు కూర్చుని చేసిన కిట్ కొని, దాని మీంచే అచ్చు తీసి చవగ్గా అమ్మేస్తారు. అచ్చు మీద అచ్చు కాబట్టి గీతలు మొద్దుబారి ఉంటాయి. పని దొంగతనం ఎక్కడ జరుగుతోందని వెతికితే నాకు కనిపించేది అదే, బిగించుకున్న పిల్లవాడు కాదు.

గరంగన్:
శిల్పం కాదని కోర్టే చెప్పినంక ఇంక ప్రైజెందుకు లాయర్ సాబ్.

బెంచ్_లాయర్:
నీ ఫోమ్ కవచం శిల్పమని ఏ కోర్టు చెప్పింది తమ్ముడూ?

ఫెస్ట్_కమిటీ:
దొంగ అచ్చు పట్టుకోవడం మా వల్ల అయ్యే పని కాదు సార్. బిల్లు అడగగలం, అంతవరకే.

ఇప్పటిదాకా విన్నదాన్ని బట్టి ముసాయిదా ఇలా రాశాను. కిట్, ప్రింట్, ఫోమ్ ఏదైనా రావచ్చు. ఏ ముక్క ఎక్కణ్ణించి వచ్చిందో ఫారంలో రాయాలి, పని నడుస్తున్నప్పటి ఫొటోలు తేవాలి. వచ్చింది వచ్చినట్టు అతికించిన ముక్కకి అతుకు, ఫినిషింగ్ మార్కులు మాత్రమే. మార్చిన ముక్కకీ, కొత్తగా చేసిన ముక్కకీ రూపం మార్కులు కూడా. స్టేజీ ఎక్కకముందే జడ్జి కవచం విప్పించి లోపలివైపు చూస్తారు, చప్పట్ల బెడద ఉండకుండా.

డాలస్_టీకే:
లోపలివైపు చూడటం బాగుంది. ఎలాస్టిక్, నైలాన్ పట్టీ, స్నాప్ బటన్లు ఎలా బిగించారో అక్కడే తెలుస్తుంది. నడుస్తుంటే పొట్ట ముక్కకీ ఛాతీ ముక్కకీ మధ్య సందు రాకుండా పట్టి ఉంచేది అవే. వాటికి అచ్చు ఎవరూ పంపరు, ఎవరి ఒంటికి వాళ్ళే కుట్టుకోవాలి.

ఫోమ్_బాబాయ్:
నా ఓటు ఇప్పటికీ వేరు ప్రైజుకే. కిట్‌లకి కిట్‌ల మధ్యే పోటీ పెట్టండి. రంగాలంకరణ గారు చేసింది తయారీయే, ఒప్పుకుంటాను. కానీ అంత కోసి, అంత వంచేవాళ్ళు ఎంతమంది? వాళ్ళని చూపించి మిగతావాళ్ళంతా లోపలికొస్తారు. వేరు ప్రైజు కుదరదంటే రూపం మార్కులు మొత్తంలో సగమన్నా పెట్టండి.

ఫెస్ట్_కమిటీ:
సగానికి కమిటీ ఒప్పుకోదు. 40 శాతం అడిగి చూస్తాను. కిట్‌లకని మూడో విభాగం పెడితే దాని ప్రైజుకి స్పాన్సర్ లేడు బాబాయ్.

రంగాలంకరణ:
40 అయినా, దాన్ని కవచం మొత్తానికి కలిపి కాకుండా ముక్కముక్కకీ విడిగా వేయించండి. లేకపోతే ఒక్క భుజం ముక్క సొంతంగా చేసి మొత్తానికి మార్కులు కొట్టేస్తారు.

కొత్త_రిక్రూట్:
ఇదంతా చదివాక నాకూ చేయాలనిపిస్తోంది. ఇప్పుడు కిట్ ఆర్డర్ పెడితే జనవరికి అందుతుందా అన్నా?

డాలస్_టీకే:
కష్టం. ఈ కిట్‌లు చేసేవాళ్ళలో చాలామంది ఆర్డర్ వచ్చాకే మొదలుపెడతారు, వెయిటింగ్ నెలల్లో ఉంటుంది. ఆపైన షిప్పింగ్, కస్టమ్స్. పెట్టె ఇంటికొచ్చాక జిగురు ఆరడానికే వారాలు. ఈసారికి ఫోమ్ చెయ్యి.

ఫోమ్_బాబాయ్:
10 ఎంఎం మ్యాట్లు కొనేటప్పుడు వేలితో నొక్కి చూడు, గుంట వెంటనే లేవాలి, లేకపోతే వద్దు. ఫెవికాల్ ఎస్ఆర్ 505 రెండు అంచులకీ పలచగా రాసి, వేలికి అంటనంతగా ఆరాకే కలుపు, తడి మీద కలిపితే పట్టుకోదు. హాస్టల్ గదిలో తలుపేసుకుని మాత్రం రాయకు, ఆ ఆవిరి మంచిది కాదు. మేడ మీద చేసుకో, ఆవిరిని ఆపే కాట్రిడ్జ్ ఉన్న మాస్క్ పెట్టుకో, మామూలు గుడ్డ మాస్క్ సరిపోదు. మొదట ముంజేతి ముక్క ఒక్కటి చేసి ఇక్కడ ఫొటో పెట్టు, వాలు ఎక్కడ సరిచేయాలో చెప్తాను.